‘నాకేం కాలేదు’ అని చెప్పేది ఎవరు?

అందరికీ నమస్కారం.

2019 ఆగస్టులో లార్డ్స్‌లో జరిగిన యాషెస్ టెస్టు మీలో చాలామంది చూసే ఉంటారు. జోఫ్రా ఆర్చర్ బౌన్సర్ మెడకు తగిలి స్టీవ్ స్మిత్ కుప్పకూలాడు. అప్పటికి అతని స్కోరు 80. లోపలికి తీసుకెళ్లి కంకషన్, అంటే దెబ్బకు మెదడు కుదుపుకు లోనవడం, ఉందేమోనని పరీక్షలు చేస్తే అన్నీ పాసయ్యాడు. మళ్లీ క్రీజులోకి వచ్చి 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాడు లేచేసరికి తలనొప్పి, మత్తు. అతని బదులు లబుషేన్ దిగాడు. టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే.

స్మిత్ ముందురోజు అబద్ధమాడాడని నేను అనను. బాగున్నానని అతనికి నిజంగానే అనిపించి ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. మోకాలికి దెబ్బ తగిలితే ఆ సంగతి చెప్పడానికి మెదడు ఉంది. దెబ్బ మెదడుకే తగిలినప్పుడు బాగున్నానో లేదో చెప్పాల్సింది కూడా ఆ మెదడే.

మనసు వేరు, శరీరం వేరు అని ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ వాదించిన సంగతి మీకు తెలుసు. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరాలు రాసింది. ఆలోచించడమే తప్ప ఆకారం లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని ఆమె వేసిన ప్రశ్న అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. తర్వాతి ఉత్తరంలోని ప్రశ్న అంతకన్నా పదునైనదని నా అభిప్రాయం. చక్కగా ఆలోచించడం అలవాటైన ఆత్మ, ఒంట్లో పుట్టే ఏవో ఆవిర్ల వల్ల ఆ శక్తినంతా ఎలా పోగొట్టుకుంటుంది? ఆ కాలపు వైద్యం అలాంటి ఆవిర్లను నమ్మేది. శరీరం లేకుండా ఉండగలిగేది శరీరానికి ఇంతలా లొంగడం ఏమిటని ఆమె అడిగింది. దెకార్త్ దీనికి సరైన జవాబు ఇచ్చాడని నాకు అనిపించదు. మన చార్వాకులకైతే ఈ ఇబ్బందే లేదు. పులియబెట్టిన పదార్థంలో మత్తు పుట్టినట్టు నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాల కలయికలోనే చైతన్యం పుడుతుందన్నారు.

మైదానాల్లో మాత్రం ఇప్పటికీ దెకార్త్ మాటే నడుస్తోంది. ‘మనసు గట్టిగా ఉంటే చాలు, లేచి ఆడు’ అనే కోచ్, ఆ మనసు దెబ్బ తగలని చోట ఎక్కడో ఉందనుకుంటున్నాడు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంగ్లండ్ రగ్బీ ఆటగాడు స్టీవ్ థాంప్సన్ కథ. 2003 రగ్బీ ప్రపంచకప్ ఫైనల్, సిడ్నీ. అదనపు సమయం చివర్లో లైనౌట్ నుంచి, అంటే గీత దాటిన బంతిని మళ్లీ ఆటలోకి విసిరే చోటు నుంచి, అతను విసిరిన బంతితోనే ఇంగ్లండ్ ఆఖరి దాడి మొదలైంది. అది జానీ విల్కిన్సన్ బంతిని నేలకు వదిలి తన్నిన డ్రాప్ గోల్‌తో ముగిసింది, కప్పు ఇంగ్లండ్‌ది అయింది. 2020 డిసెంబరులో, 42 ఏళ్ల వయసులో, తనకు డిమెన్షియా వచ్చిందని థాంప్సన్ లోకానికి చెప్పాడు. ఆ కప్పు గెలిచిన జ్ఞాపకమే లేదన్నాడు.

గతాన్ని తనదిగా గుర్తుంచుకోవడం వల్లే మనిషి ‘అదే మనిషి’ అవుతాడని ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ అన్నాడు. ఆ లెక్కన ఆ రోజు బంతి విసిరింది ఈ థాంప్సన్ కాదనాలి. నేను ఒప్పుకోను. రగ్బీలో ఏళ్ల తరబడి తలకు గుద్దులు తిన్న ఒళ్లూ, ఇవాళ ఈ మతిమరుపును మోస్తున్న ఒళ్లూ ఒక్కటే. జ్ఞాపకం పోయింది, దెబ్బ పోలేదు. ‘ఇష్టపడే ఆడాడు కదా’ అనేవాళ్లు దీన్ని కాస్త ఆలోచించాలి. ఇరవై అయిదేళ్ల కుర్రాడు ఒప్పుకున్నాడు, నలభై దాటిన మనిషి మూల్యం చెల్లిస్తున్నాడు. చెల్లించేవాడికి ఆ గెలుపు ఆనందం కూడా మిగల్లేదు.

ఒక్క పెద్ద దెబ్బే కారణం కానక్కర్లేదు. కంకషన్ అనిపించని చిన్న చిన్న కుదుపులు ఏళ్ల తరబడి పేరుకున్నా టావ్ అనే ప్రొటీన్ మెదడులో, సన్నని రక్తనాళాల చుట్టూ చేరవచ్చు. ఆ జబ్బునే సీటీఈ అంటారు. ఇప్పటికీ దాన్ని కచ్చితంగా నిర్ధారించేది చనిపోయాక, మెదడును పరీక్షించే. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డేవ్ డ్యూయర్సన్ 2011లో, తన మెదడును పరిశోధనకు ఇమ్మని రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. పరీక్షలో సీటీఈ బయటపడింది. దెబ్బతిన్న మెదడు తన స్థితిని అసలే గుర్తించలేదని కూడా అనలేం మరి. ఒకసారి గుర్తిస్తుంది, ఒకసారి గుర్తించదు. ఏ సారి ఏది జరుగుతుందో ముందుగా తెలియదు.

అందుకే నా వాదన ఒక్కటే. ఆడాలా వద్దా అనే నిర్ణయం దెబ్బ తగిలిన ఆటగాడి చేతిలో పెట్టకూడదు. జట్టుకు అతని అవసరం ఉన్న కోచ్ చేతిలోనూ పెట్టకూడదు. అనుమానం వస్తే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోది తగిలితే, ముఖ్యంగా పిల్లల్లో, మెదడు వాచి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అమెరికాలో 2015లోనే పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు సాకర్‌లో బంతిని తలతో కొట్టకూడదని నిర్ణయించారు. మన ఊళ్లో, బడి గ్రౌండులో కబడ్డీ ఆడుతూ ఒక పిల్లాడి తల నేలకు కొట్టుకుంటే, ‘ఎలా ఉందిరా?’ అని అడుగుతాం. ‘బాగుంది సార్’ అంటాడు. అప్పుడు ఆ పిల్లాణ్ని బయట కూర్చోబెట్టే అధికారం ఎవరికి ఉందో ఆట మొదలుకాకముందే తేల్చుకుని ఉండాలి.