అద్దెకు సూత్రం ఉంది, సర్వీస్ ఛార్జికి లెక్క అడగాలి

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడబోయేది ఇంగ్లండ్‌లోని కౌన్సిల్ ఇళ్ళ గురించి, అంటే కౌన్సిల్ అనే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ళ గురించి. స్కాట్లండ్, వేల్స్ పద్ధతులు వేరు, వాటి జోలికి వెళ్ళను. ఏటా ఫిబ్రవరి నెలాఖరులో కౌన్సిల్ నుంచి వచ్చే ఉత్తరంలో రెండు అంకెలుంటాయి. ఒకటి అద్దె, రెండోది ఉమ్మడి సేవలకు వేసే సర్వీస్ ఛార్జి. టెనెంట్ల, అంటే అద్దెకుండేవాళ్ళ మీటింగుల్లో వాదనంతా మొదటి దాని మీదే నడుస్తుంది. నన్నడిగితే ఆ ఓపికలో సగం రెండో అంకె మీద పెట్టాలి. కారణం చెప్తాను.

అద్దె కౌన్సిల్ ఇష్టానికి వేసేది కాదు. ప్రతి సోషల్ రెంట్ ఇంటికీ, అంటే ప్రభుత్వ సూత్రం ప్రకారం తక్కువ అద్దెకిచ్చే ఇంటికీ, ఒక ఫార్ములా రెంట్ ఉంటుంది. దాని మూలం 2000 ఏప్రిల్ నాటి దేశ సగటు అద్దె, వారానికి 54.62 పౌండ్లు. ఇందులో 70 శాతాన్ని రెండింటితో గుణిస్తారు: ఆ కౌంటీ (జిల్లా లాంటిది) సగటు సంపాదనకూ దేశ సగటు సంపాదనకూ ఉన్న నిష్పత్తి, బెడ్‌రూమ్‌ల సంఖ్యను బట్టి ఇచ్చే వెయిటు. మిగిలిన 30 శాతాన్ని ఇంటి విలువ నిష్పత్తితో గుణిస్తారు. ఇక్కడ విలువంటే ఇవాళ్టి ధర కాదు, 1999 జనవరి నాటిది. అప్పటి దేశ సగటు 49,750 పౌండ్లు. వెయిట్లు: ఒక్క గది ఇంటికి 0.80, ఒక బెడ్‌రూమ్‌కు 0.90, రెండింటికి 1.00, మూడింటికి 1.05, నాలుగింటికి 1.10.

ఒక ఇల్లు తీసుకుందాం. రెండు బెడ్‌రూమ్‌లు, కౌంటీ సంపాదన దేశ సగటు కంటే పదో వంతు ఎక్కువ, 1999 విలువ 60,000 పౌండ్లు. మొదటి భాగం 42.06, రెండో భాగం 19.76, మొత్తం 61.82 పౌండ్లు. అప్పట్నుంచి ఏటా ప్రభుత్వం చెప్పిన శాతం మేరకు ఈ అంకే మారుతూ వచ్చింది. ఇదే ఇంటిని రికార్డులో మూడు బెడ్‌రూమ్‌లని రాసుకుంటే మొదట్లోనే వారానికి 2.10 పౌండ్లు తేడా. హాలుకు అడ్డుగోడ కట్టి గది చేసిన ఇళ్ళలో, పాత వాల్యుయేషన్ కాగితాలు పోయి పక్కింటి విలువ వేసుకున్న చోట ఇలాంటి తప్పు దొర్లుతుంది. పైగా ఏటేటా శాతంతో పాటు పెరుగుతుంది.

పెంపు శాతం అంతకు ముందు సెప్టెంబర్ సీపీఐకి, అంటే ధరల పెరుగుదల రేటుకు, ఒక శాతం కలిపి. అది గరిష్ఠ పరిమితే, అంత పెంచి తీరాలని లేదు. 2016 నుంచి నాలుగేళ్ళు చట్టం ప్రకారం ఏటా ఒక శాతం తగ్గించాల్సి వచ్చింది. ఆ తగ్గింపు కొన్ని ఇళ్ళకు వేయడం మర్చిపోతే, ఇవాళ్టికీ ఆ అద్దె ఎక్కువే. 2022 సెప్టెంబర్‌లో సీపీఐ 10.1 శాతానికి చేరడంతో 2023-24కు ప్రభుత్వం 7 శాతం దగ్గర కట్టడి చేసింది. మరుసటి ఏడు 7.7, ఆ తర్వాత 2.7. కౌన్సిల్ ఇళ్ళ లెక్కల ఖాతా, అంటే హౌసింగ్ రెవెన్యూ అకౌంట్, 1989 చట్టం ప్రకారం వేరుగా ఉండాలి, లోటు బడ్జెట్ పెట్టకూడదు. 2012 నుంచి ఆ ఖాతా సొంత అద్దెల మీదే నిలబడాలి. అందుకే పూర్తి శాతం వదులుకోవడానికి కౌన్సిళ్ళు వెనకాడతాయి. ఒక ఏడాది వదిలినది తర్వాతి ఏళ్ళ పునాదిలోంచి కూడా పోతుంది. అంటే ఈ అంకె మీద కౌన్సిల్‌తో బేరానికి చోటు తక్కువ.

ఇక రెండో అంకె. మెట్ల శుభ్రత, కారిడార్ లైట్లు, పచ్చిక కోత, లిఫ్టు సర్వీసింగ్, ఎంట్రీ ఫోన్ లాంటివి ఫార్ములా రెంట్‌లో లేవు, విడిగా వేస్తారు. పైకప్పు, గోడలు, పైపుల మరమ్మతు మాత్రం ఇంటి యజమాని బాధ్యత, అది అద్దెలోంచే పోవాలి. అది ఛార్జి జాబితాలో కనిపిస్తే వెంటనే అడగండి.

ఉదాహరణకు 24 ఫ్లాట్ల బ్లాకు. క్లీనర్ వారానికి 6 గంటలు, సామాను ఖర్చుతో సహా గంటకు 18 పౌండ్లు: వారానికి 108, ఫ్లాటుకు 4.50. లైట్ల కరెంటు ఏడాదికి 1,872 పౌండ్లు, ఫ్లాటుకు వారానికి 1.50. నిర్వహణ కింద పది శాతం, 60 పెన్స్. మొత్తం 6.60. ఇప్పుడు అసలు చిక్కు: అందులో 6 ఫ్లాట్లు రైట్ టు బై కింద, అంటే టెనెంట్లు తామున్న ఇంటినే కొనుక్కునే పథకం కింద, అమ్ముడయ్యాయి. కౌన్సిల్ లెక్కల సాఫ్ట్‌వేర్ ఖర్చును, టెనెంట్లున్న 18 ఫ్లాట్లతోనే భాగించిందనుకోండి, శుభ్రత ఒక్కటే 4.50 నుంచి 6 పౌండ్లవుతుంది. అదే ఖర్చులో వాటా కొన్నవాళ్ళ దగ్గరా వసూలవుతుంది కాబట్టి కౌన్సిల్‌కు ఒకే డబ్బు రెండుసార్లు వస్తుంది. ఖాళీగా ఉన్న ఫ్లాట్లను లెక్కలోంచి తీసేసినా ఇదే తప్పు. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న “ఎంత?” కాదు, “ఎన్నింటితో భాగించారు?”

ఈ చిక్కు ఇంగ్లండ్‌దే కాదు. హైదరాబాద్ శివార్లలో కొల్లూరులో ప్రభుత్వం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకు అద్దె లేదు. లిఫ్టులు, నీళ్ళ మోటార్లు తిప్పాల్సిన ఖర్చు మాత్రం ఉంది, దాన్ని ఎన్ని ఇళ్ళతో భాగించాలన్నది అక్కడా తేలాల్సిందే.

సర్వీస్ ఛార్జి పెంపును కూడా సీపీఐ ప్లస్ ఒక శాతం లోపు ఉంచడానికి ప్రయత్నించాలని ప్రభుత్వ విధానం చెబుతుంది. ప్రయత్నమే, పరిమితి కాదు. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఛార్జి సబబుగా ఉండాలనే 1985 చట్టంలోని రక్షణ దీర్ఘకాల లీజు లేని కౌన్సిల్ టెనెంట్లకు వర్తించదు. ట్రిబ్యునల్ మెట్లెక్కే దారి లీజుదారులది, అంటే ఫ్లాటు దీర్ఘకాల లీజుకు కొనుక్కున్నవాళ్ళది. టెనెంట్‌కు మిగిలేది కౌన్సిల్‌కు ఫిర్యాదు, ఆపైన ఇళ్ళ ఫిర్యాదులు విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్. అందుకే కాగితం మీద లెక్క తెప్పించుకోవడం ముఖ్యం. అఫర్డబుల్ రెంట్ (ఫార్ములాతో కాక మార్కెట్ అద్దెను బట్టి వేసేది) ఇంట్లో ఉన్నవాళ్ళకైతే మార్కెట్ అద్దెలో 80 శాతం గరిష్ఠంలోనే సర్వీస్ ఛార్జి కూడా కలిసి ఉంటుంది. దాని పైన మళ్ళీ విడిగా వేస్తే అది తప్పే.

అద్దెలో కలిసి ఉన్న సేవను ఇప్పుడు విడదీసి ఛార్జిగా వేస్తే, అద్దె అంత మేరకు తగ్గిందా అని చూడండి. తగ్గకపోతే ఒకే చీపురుకు రెండు బిల్లులు.

పెంపు నోటీసు విషయంలో తేదీలు చూసుకోండి. సెక్యూర్ టెనెంట్లకు, అంటే కౌన్సిల్ ఇంట్లో పూర్తి హక్కులతో ఉండేవాళ్ళకు, కనీసం నాలుగు వారాల ముందు అందాలి. ఏప్రిల్ మొదటి సోమవారం అమలు కావాలంటే మార్చి మొదటి వారానికల్లా ఇంటికి చేరాలి. కొన్ని కౌన్సిళ్ళు 48 వారాలే వసూలు చేసి నాలుగు వారాలు వదిలేస్తాయి. మన ఉదాహరణలో 6.60 అప్పుడు 7.15గా కనిపిస్తుంది, ఏడాది మొత్తం మారదు. 2024-25లో అద్దె పడే సోమవారాలు 53 వచ్చాయి. తక్కువ ఆదాయం వాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ భత్యం ఏడాదికి 52 వారాలే లెక్కేస్తుంది కాబట్టి ఆ అదనపు వారం చేతి డబ్బు నుంచే కట్టాలి.

యూనివర్సల్ క్రెడిట్ తీసుకునేవాళ్ళు కొత్త అంకెలను ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ఖాతాలో తామే ధ్రువీకరించాలి, లేకపోతే పాత అద్దెకే డబ్బు వస్తుంది. అక్కడ అద్దె, అర్హమైన సర్వీస్ ఛార్జి వేర్వేరు గడుల్లో వేయాలి. మెట్ల శుభ్రత, కామన్ లైట్లు, లిఫ్టు అర్హమైనవి. మీ ఫ్లాటులోకి వచ్చే వేడి, నీళ్ళ ఖర్చు అర్హం కాదు. ఉత్తరంలో ఇవన్నీ కలిపి ఒకే మొత్తంగా రాసి ఉంటే, విడగొట్టి రాసిన కాగితం కౌన్సిల్ నుంచి తెప్పించుకున్నాకే ఆ గడులు నింపండి.