క్లచ్ అరిగిందని ఎలా గుర్తించాలి?

నమస్కారం. గేరు సరిగా పడకపోతే చాలు, క్లచ్ ప్లేటు అరిగిపోయిందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి ప్లేటు అరుగుదల గేరు మార్చేటప్పుడు కంటే, ఇంజను గట్టిగా బరువు లాగవలసి వచ్చినప్పుడే స్పష్టంగా బయటపడుతుంది. ఆ తేడాను మీరే పట్టుకోగలిగితే అనవసరమైన ఖర్చు తప్పుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

ఇప్పుడు తెరమీద ఉన్న ఈ పాత ప్లేటును చూడండి. రెండు వైపులా కనిపిస్తున్న ఈ రాపిడి పొరలు, ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీల్‌కూ, వెనక నుంచి నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకూ మధ్య బిగుసుకుని, ఇంజను శక్తిని గేర్‌బాక్స్‌కు అందిస్తాయి. కొత్త ప్లేటులో, ఈ పొరలను ప్లేటుకు బిగించే ఈ రివెట్ల తలలు పొరలోపలికి దిగి ఉంటాయి. ఇందులో వేలితో తడిమితే, తలలు పొరతో దాదాపు సమానంగా తగులుతున్నాయి. ఇంకాస్త అరిగితే ఈ రివెట్లే నేరుగా ఫ్లైవీల్‌ను గీరి గాడులు పెడతాయి. పొర హద్దు దాటి పలచబడితే ప్రెషర్ ప్లేటు పట్టు కూడా సడలుతుంది. అప్పుడు క్లచ్ జారడం మొదలవుతుంది.

జారడం ఎలా తెలుస్తుందంటే, క్లచ్ పెడల్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసినప్పుడు, ఒకే గేరులో ఉన్నంతసేపూ ఇంజను వేగమూ కారు వేగమూ కలిసే పెరగాలి, కలిసే తగ్గాలి. ఎత్తు ఎక్కుతున్నప్పుడో, ముందున్న వాహనాన్ని దాటబోతున్నప్పుడో ఆక్సిలరేటర్ నొక్కితే ఇంజను హోరుమని, ఇంజను వేగాన్ని చూపే ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పైకి లేచి, కారు మాత్రం పుంజుకోకపోతే, మధ్యలో ప్లేటు జారుతోందన్నమాట.

అనుమానం ఉంటే ఖాళీగా ఉన్న సురక్షితమైన రోడ్డు మీద, ఇంజను బాగా వేడెక్కిన తరువాత, నాలుగో గేరులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఆక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కి, ఆర్‌పీఎం ముల్లునూ, కారు వేగాన్ని చూపే ముల్లునూ గమనించండి. గమనించే పని పక్కన కూర్చున్నవారికి అప్పగించడం మేలు. పై గేరులో వేగం నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి, ఇంజను తన పూర్తి బలాన్ని కొంతసేపు క్లచ్ మీదే మోపుతుంది. కింది గేర్లలో కనిపించని జారుడు అక్కడ దొరికిపోతుంది. జారిందని తేలితే పరీక్షను మళ్లీ మళ్లీ చేయకండి, ఆ వేడికి ప్లేటు ఇంకా మాడుతుంది.

హ్యాండ్ బ్రేక్ వేసి, మూడో గేరులో క్లచ్ వదిలి ఇంజను ఆగిపోతే క్లచ్ బాగున్నట్టేనని కొందరు చెబుతారు. దాన్ని నేను పూర్తిగా నమ్మను. ఐడిలింగులో, అంటే ఆక్సిలరేటర్ నొక్కకుండా ఇంజను తిరుగుతున్నప్పుడు, దాని బలం చాలా తక్కువ కాబట్టి, సగం అరిగిన క్లచ్ కూడా ఆ పరీక్షలో గట్టెక్కుతుంది.

పెడల్ చాలా పైకి వచ్చాక గానీ కారు కదలకపోవడం కూడా ఒక సూచనే. అయితే పెడల్‌ను క్లచ్‌తో కలిపే కేబుల్ ఉన్న కార్లలో ముందుగా కేబుల్ సర్దుబాటును చూడాలి. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి, అక్కడ ఈ ఒక్క గుర్తునే నమ్ముకోకూడదు. ఘాటైన మాడు వాసన జారుడుతో పాటు వస్తుంది. ఎత్తులో బ్రేకు వాడకుండా, పెడల్ సగం వదిలి హాఫ్ క్లచ్ మీద కారును నిలబెట్టినా అదే వాసన వస్తుంది, కాబట్టి ఒక్కసారి వచ్చినంత మాత్రాన కంగారు పడనవసరం లేదు.

ఇక గేరు గరగరమంటూ పడకపోవడం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన లోపం. క్లచ్ పట్టు పూర్తిగా విడిపోవడం లేదని దానర్థం. హైడ్రాలిక్ ఆయిల్ కారడం, లైనులో గాలి చేరడం, కేబుల్ సాగడం వంటివి అందుకు సాధారణ కారణాలు. పెడల్ నొక్కినప్పుడు మాత్రమే వచ్చే కీచుమనే శబ్దం ఎక్కువగా, పెడల్ నొక్కినప్పుడు క్లచ్ పట్టును విడిపించే రిలీజ్ బేరింగ్‌దే.

ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అంత పని ఎలాగూ చేస్తున్నప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్పించండి, ఫ్లైవీల్ ఉపరితలాన్నీ చూపించమని అడగండి. పాత ప్లేటు నూనెతో తడిసి ఉంటే, అది నూనె కారకుండా ఆపే ఇంజను సీలు నుంచి వస్తోందో, గేర్‌బాక్స్ సీలు నుంచి వస్తోందో తేల్చి, ఆ సీలు మార్చిన తరువాతే కొత్త ప్లేటు బిగించనివ్వండి.