ఐలమ్మ వడ్ల బస్తా అందరికీ అందాలంటే: చిన్న నాటకం ఎట్ల కట్టాలె?

[తెర మీద: ఖాళీ హాలు, నడుమ ఒక గోనె బస్తా]

నమస్తే. "నాటకం తయారైంది, ఇగ వాకిట్ల ఒక ర్యాంపు పెట్టిస్తే వికలాంగులకు గూడ అయిపాయె." మన దిక్కు నాటకమోళ్ల నోట ఈ మాట మళ్ల మళ్ల వినపడుతది. విన్నప్పుడల్ల బాధైతది. ర్యాంపు మీదికెళ్లి లోపలికొచ్చిన మనిషికి నాటకం ఎంత అందింది అన్నది ఎవ్వరూ అడుగరు. అది సీను రాసేనాడే తేలాలె. ఎట్లనో ఒక్క సీను పట్టుకొని చూద్దాం.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ, తెలంగాణ రైతాంగ పోరుల దొరకు ఎదురు నిలిచినామె. ఆమె పండించిన పంటను కోసుకపోదామని ఆ దొర, విసునూరు దేశ్‌ముఖ్, మనుషులు పొలం మీదికొచ్చుడు, ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు తరుముడు, వడ్లు ఐలమ్మ ఇంటికి చేరుడు, కథ మీకు తెలిసిందే. మన సీను కల్లం కాడ మొదలైతది, బస్తా ఇంట్ల పడ్డంక అయిపోతది. నాలుగు నిమిషాలు, ఆరుగురు నటులు, 80 మంది పట్టే హాలు.

ముందుగాల జాగ సంగతి. ర్యాంపుకు లెక్క సులువు: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. స్టేజీ 18 అంగుళాలుంటే ర్యాంపు 18 అడుగులు, పైన, కింద చెరో 5 అడుగుల చదును జాగ. చిన్న హాల్ల అంత జాగ ఏడిది? అందుకే నాలుగడుగుల చెక్క వాలుగ పెట్టి ర్యాంపు అంటరు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగితే బోర్ల పడుతది. స్టేజీ విడిచిపెట్టుండ్రి. నేల మీద ఆడుండ్రి, మూడు దిక్కుల కుర్చీలు వెయ్యుండ్రి. డోలు కొట్టుకుంట చెప్పే మన ఒగ్గు కథకు స్టేజీ ఎన్నడు అక్కర పడలేదు. చక్రాల కుర్చీకి 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు జాగ ఇడువాలె, మలుపుకోనీకి 5 అడుగులు. ఆ జాగలన్ని వెనక మూలకు నెట్టొద్దు. మూడు దిక్కుల్ల పంచి, పక్కన తోడొచ్చినోళ్లకు ఒక కుర్చీ పెట్టుండ్రి.

నేల మీద ఆడితే ఇంకో తలుపు తెరుచుకుంటది: చక్రాల కుర్చీల ఉన్న నటి ఐలమ్మ కావచ్చు. ఆమె ఒడిలకెళ్లి బస్తా తీసుకోవాలంటే దొర మనుషులు వంగాలె. ఆ వంగుడే సీనుకు బలం. ఆమె కోసం ప్రత్యేకంగ జాలి పాత్ర రాయొద్దు. మేకప్ గదికి పోయే తొవ్వ మీద మెట్లున్నయా అని మాత్రం మొదటి రోజే చూడాలె.

[తెర మీద: బస్తా విప్పి, ఊక చూపిస్తూ]

ఇగ బస్తా. నిజం వడ్లు నింపితే ముసలి నటి లేపలేదు. ఊక నింపి 8 కిలోల దాకా ఉంచి, మూతి కుట్టెయ్యుండ్రి. వడ్లు నేల మీద పోసుడు అసలే వద్దు: చక్రాల కుర్చీ ముందటి చిన్న చక్రాలల్ల గింజలు ఇరుకుతయి, ఊతకర్ర జారుతది. కాని వడ్ల చప్పుడు కావాలె. అందుకు రెండు కిలోల వడ్లు రెండు చేటలల్ల పెట్టి, ఒక చేటలకెళ్లి ఇంకో చేటలకు పోయించుండ్రి. వెనక వరుసల అంధులకు పంట ఇంటికొచ్చిందని చెప్పేది ఆ చప్పుడే.

అంధులకు సీనుల ఏం జరుగుతుందో వినిపించేటందుకు చెవుల పెట్టుకునే యంత్రాలు కొనాలని భయపడుతరు. చూడుండ్రి, ఒగ్గు కథ చెప్పేటాయన ఏం చేస్తడు? "లేచింది, కొంగు నడుముకు చుట్టింది, రోకలందుకున్నది" అంటడు, పక్కనున్నాయన "ఆహా, అందుకున్నదా" అని అందిస్తడు. చేసే పనిని మాటల్ల చెప్పుడు మన కళల ముందే ఉన్నది. బస్తా సీనుల ఒక కథకురాలిని పెట్టుండ్రి. "బస్తా భుజానికెత్తింది" అని ఆమె చెప్పినంక నటి ఎత్తాలె. వెనుక చెప్తే ఆలస్యమైతది, సంభాషణ మీద చెప్తే రెండూ పోతయి. ముప్పావు నిమిషం చొప్పున చెప్పే బదులు ఒక్క వాక్యం, ఖాళీ దొరికిన కాడ. నాటకానికి అరగంట ముందు బస్తా, చేట, కొడవలి, వడిసెల చేతికిచ్చి తడమనిస్తే సీనుల ఏది ఏందో వాళ్లకు ముందే ఎరుకైతది.

బధిరుల కాడ తప్పు ఇంకో తీరుగ జరుగుతది. సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ను గోడ పక్కకు నిలబెడుతరు. బస్తా చూస్తే మాట పోతది, మాట చూస్తే బస్తా పోతది. ఆమెను సంఘం ఆడోళ్లల్ల ఒకామెగ చేసి, ఐలమ్మకు ఆరడుగుల లోపట ఉంచుండ్రి. చేతుల రంగుకు భిన్నంగ, పూలు, చారలు లేని చీర కట్టాలె. రాత్రి దాడి సీనని మొత్తం చీకటి చేస్తే ఆమె నోరు మూసినట్టే. ఆమె చేతుల మీద ఒక లైటు ఆరొద్దు. స్క్రిప్టు మూడు వారాల ముందే ఇయ్యాలె. "వెట్టి", "గడీ", "దొర"కు ఏ గుర్తు వాడాలన్నది బధిరులే ఆమెతోటి కూసొని తేల్చాలె. గోడ మీద తెలుగు అక్షరాలేస్తే సైగలు అక్కరలేదనుకోవద్దు. మస్తుమంది బధిరులకు సైగల భాషే మొదటిది, చదివే తెలుగు రెండోది.

[తెర మీద: నటుల వరుస]

ఎవరిని ఎక్కించాలె? 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరుల ఆడోళ్లంటే తుపాకీ పట్టినామె, ఏడ్చే తల్లి, ఇద్దరే కాదు. ఉత్తరాలు మోసినామె ఉన్నది, రాత్రి దళానికి అన్నం వండినామె ఉన్నది. లంబాడీ పాత్రకు లంబాడీ నటిని పిలువుండ్రి. వాళ్ల భాష గోర్ బోలీ నోటికి రానోళ్లు యాస నకలు చేస్తే నవ్వులాటైతది. 1948 సెప్టెంబరుల భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలకు వచ్చిన పోలీస్ యాక్షన్ వెంటనే ముస్లింల మీద జరిగిన హింస గురించి పండిట్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. నిజాం దిక్కు నిలిచిన రజాకార్ల దౌర్జన్యం చూపించి, ఆ హింసకు గురైన ముస్లిం తల్లిని విడిచిపెడితే అది సగం నాటకం. ఆమె దక్కనీ ఉర్దూలనే మాట్లాడాలె, కథకురాలు అర్థం అందుకుంటది. పోరు ఆగినంక ఆడోళ్లను మళ్ల ఇంట్లకే పంపిన్రు. 1980లల్ల స్త్రీ శక్తి సంఘటన అనే ఆడోళ్ల సంఘం వాళ్ల నోటనే ఆ మాటలు రికార్డు చేసింది. మీ సంభాషణలకు ఆ గొంతులే ఆధారం కావాలె. అత్యాచారాన్ని ఆడి చూపించొద్దు. మూతి చినిగిన బస్తా, ఖాళీ వాకిలి చాలు, నటికీ చూసేటోళ్లకూ.

టైము అయిపోతున్నది, మిగిలినవి జల్ది చెప్త. దొర మనుషుల మీద కారంపొడి చల్లే సీను ఉంటే నిజం కారం వద్దు, దగ్గు, ఆయాసం వస్తయి. ఎర్ర బట్ట పీలికలు చల్లుండ్రి. మూసిన హాల్ల పటాకులు కాల్చొద్దు, తుపాకీ చప్పుడుకు డోలు మీద ఒక్క దెబ్బ. ఎన్నో సీనుల పెద్ద చప్పుడు వస్తదో వాకిట్ల రాసి పెట్టుండ్రి, చదివి వినిపించుండ్రి. లైట్లు సెకనుకు మూడుసార్లకు మించి మినుకొద్దు, కొందరికి మూర్ఛ రావొచ్చు. తలుపు ఒకటి తెరిచే ఉండాలె, నడుమ లేచి పోయి మళ్ల రావొచ్చని ముందే చెప్పుండ్రి. మరుగుదొడ్డి తలుపు 3 అడుగులుందా, గడప ఎంతెత్తు కొలువుండ్రి. బడ్జెట్ల మొదటి పద్దు ఇంటర్‌ప్రెటర్ ఫీజు, బట్టల ఖర్చు తర్వాత.

ఆఖరుది. ఆటకు పది రోజుల ముందు ఒక అంధురాలిని, ఒక బధిరురాలిని, చక్రాల కుర్చీల వచ్చేటామెను రిహార్సలుకు పిలువుండ్రి, వాళ్ల టైముకు పైసలియ్యుండ్రి. పది రోజులుంటే మార్చే వీలుంటది, ముందటి రోజైతే ఉండదు. బస్తా ఇంట్ల పడ్డది ఎప్పుడు తెలిసిందని ఒక్కొక్కరిని విడివిడిగ అడుగుండ్రి. ముగ్గురూ ఒక్కటే జాగ చెప్తే సీను కుదిరినట్టు. చెప్పకపోతే కల్లం కాడికెళ్లి మళ్ల మొదలు.