బరువైన బుల్లెట్టే దూరం వెళుతుందా?

పెద్దలకు, ఎన్‌సీసీ పిల్లలకు నమస్కారం. బరంపురంలో రైఫిల్ గురించి తెలుగులో మాట్లాడే అవకాశం తరచుగా రాదు. ముందు వరసలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు కనిపిస్తున్నారు. నేను పొరపాటు చెబితే అక్కడికక్కడే ఆపండి.

దూరం కొట్టాలంటే బరువైన బుల్లెట్ కావాలంటారు. అది సగమే నిజం. మీలో కొందరు భుజాన మోసిన త్రీనాట్‌త్రీ (.303) రైఫిల్‌నే చూడండి. తొలి రోజుల్లో దాని బుల్లెట్ 215 గ్రెయిన్లు, మొద్దు ముక్కు. గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు లెక్క. 1910లో వచ్చిన మార్క్ 7 తూటాలో బరువును 174 గ్రెయిన్లకు తగ్గించి, ముక్కును సూదిగా మలిచారు. వేగం సెకనుకు దాదాపు 2,060 అడుగుల నుంచి 2,440 అడుగులకు పెరిగింది. బరువు తగ్గినా పని మెరుగుపడింది. కాబట్టి ఆకారాన్ని పక్కనపెట్టి బరువు ఒక్కటే అడగడం వ్యర్థం.

ఆకారం ఒకేలా ఉంటే మాత్రం బరువైనది నెమ్మదిగా బయలుదేరినా వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. ఆ లాభం ఎక్కడ కనిపిస్తుంది? బుల్లెట్ కిందికి జారడంలో అని చాలామంది అనుకుంటారు. జారుడుకు నేను పెద్దగా భయపడను. దూరం తెలిస్తే దాన్ని లెక్కగట్టి సైటులో, అంటే రైఫిల్ మీద గురి చూసే అమరికలో, సరిచేయవచ్చు. అసలు శత్రువు గాలి. గోపాల్‌పూర్ ఒడ్డున తెల్లవారుజామున నేల వైపు నుంచి వీచే గాలి మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. ఏ సైటూ దాన్ని ముందుగా చెప్పదు.

గాలి బుల్లెట్‌ను ఎంత పక్కకు నెడుతుందో చెప్పే పాత సూత్రం ఒకటి ఉంది. బుల్లెట్ గురిని చేరడానికి గాలే లేని శూన్యంలో పట్టే సమయానికి, నిజంగా పట్టిన సమయానికి మధ్య తేడాను పక్కగాలి వేగంతో హెచ్చించాలి. 175 గ్రెయిన్ల .308 (అంగుళంలో 0.308 వంతు మందం) బుల్లెట్ సెకనుకు 2,600 అడుగుల వేగంతో బయలుదేరితే 1,000 గజాలకు సుమారు 1.7 సెకన్లు పడుతుంది. శూన్యంలో అయితే 1.15. తేడా అర సెకను పైచిలుకు. గంటకు 10 మైళ్ల పక్కగాలికి అది దాదాపు ఎనిమిది అడుగులు! వేగాన్ని తక్కువగా పోగొట్టుకునే బుల్లెట్‌కు ఈ తేడా తగ్గుతుంది. మంచి ఆకారంలో ఉన్న బరువైన బుల్లెట్‌కు డబ్బు పెట్టేది ఇందుకే.

రెండో సంగతి ధ్వని వేగం. 300 మీటర్ల పోటీలకు పేరుపొందిన 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ 1,000 గజాల దగ్గరికి వచ్చేసరికి ధ్వని వేగం అంచుకు పడిపోయి ఊగడం మొదలుపెడుతుంది. 175 గ్రెయిన్లది నిలుస్తుంది. ఆ రెంటి మధ్య తేడా అర గ్రాము కూడా లేదు. తోక వాలు, అంటే బుల్లెట్ వెనక భాగం సన్నబడే కోణం, దగ్గరే అసలు కిటుకు. మొదటిదానికి 13 డిగ్రీలు, రెండోదానికి 9.

కొరాపుట్ పీఠభూమి మీద, సుమారు 900 మీటర్ల ఎత్తున, గాలి సాంద్రత ఇక్కడికంటే ఎనిమిది శాతం మేర తక్కువ. అదే బుల్లెట్ అక్కడ కాస్త ఎక్కువ దూరం ధ్వనిని మించి వెళుతుంది. ఉక్కపోత గాలిని బరువెక్కిస్తుందనేది అపోహ. తేమగాలి పొడిగాలికంటే కొంచెం తేలిక.

ఇక బ్యారెల్ మెలిక, అంటే బుల్లెట్‌ను గిరగిరా తిప్పడానికి గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడులు. ఎంత వడిగా తిప్పాలో లెక్కగట్టే 1879 నాటి గ్రీన్‌హిల్ సూత్రం చూసేది బుల్లెట్ బరువును కాదు, పొడవును. రాగి బుల్లెట్ సీసపుదానికంటే అదే బరువుకు పొడవుగా ఉంటుంది కనుక వడిగా తిప్పే బ్యారెల్ కావాలి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్‌లో పొడవాటి బుల్లెట్లు వేస్తే అవి నిలకడ తప్పి పక్కకు తిరిగి తగులుతాయి, కాగితం మీద గుండ్రటి రంధ్రాలకు బదులు తాళపుచెవి రంధ్రాల్లాంటివి పడవచ్చు.

.22తో 50 మీటర్లు కొట్టే పిల్లలకు ఈ తలనొప్పి లేదు. మీ బుల్లెట్ సాధారణంగా 40 గ్రెయిన్లే, మ్యాచ్ తూటాలు చాలావరకు ధ్వని వేగం లోపలే బయలుదేరుతాయి. మీరు చూడవలసింది తయారీ లాటు, అంటే ఒకే విడతలో తయారైన తూటాలు. రెండు మూడు లాట్ల తూటాలు తెచ్చి, మీ రైఫిల్‌ను ఆనించి, ఒక్కో లాటుతో పది చొప్పున కొట్టండి. కాగితం మీద రంధ్రాల గుంపు దేనిది చిన్నదో ఆ లాటే సీజను మొత్తానికి కొనుక్కోండి.