హైస్కూలు చరిత్ర బీరువాలో ఉంది

శ్రోతలందరికీ నమస్కారం.

ఊళ్ళో గుడి ఎవరు కట్టించారో, చెరువు ఎవరు తవ్వించారో చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. హైస్కూలు ఎప్పుడు వచ్చిందని అడగండి. "మా నాన్న చదివేనాటికే ఉందండీ" అంటారు, అంతే. అంతకు వెనక్కి వెళ్ళరు. వేలమంది చదువుకుని బయటికెళ్ళిన చోటికి చరిత్ర అంటూ ఒకటుందన్న సంగతే మనకు తట్టదు. ఈ పూట మన జిల్లా పరిషత్ హైస్కూలు గురించి చెప్పుకుందాం.

హైస్కూలు అనేది మొదట పట్టణాల సొత్తు. 1854లో మన దేశంలో చదువుల గురించి చార్లెస్ వుడ్ అనే ఇంగ్లీషు అధికారి పంపిన నివేదిక వచ్చాక, బడి పెట్టినవాళ్ళకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి మొదలైంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది, దాని వెంటే మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. కుర్రాళ్ళను ఆ పరీక్షకు తయారు చేయడమే నాటి హైస్కూలు పని. కలెక్టరు కచేరీ ఉన్న ఊళ్ళలో, మిషనరీలు స్థిరపడిన చోట, జమీందార్లు పూనుకున్న చోట మాత్రమే అవి కనిపించేవి. పల్లెటూరి పిల్లవాడికి హైస్కూలు కావాలంటే బంధువుల ఇంట్లో చేరాలి, లేదా వారాలు చేసుకుంటూ, అంటే రోజుకో ఇంట్లో భోజనం చేస్తూ చదవాలి.

పల్లె దాకా హైస్కూలు రావడానికి దారి వేసింది స్థానిక బోర్డులు. 1882లో చదువుల తీరు చూడడానికి సర్కారు వేసిన హంటర్ కమిషన్, మాధ్యమిక విద్య నుంచి సర్కారు మెల్లగా తప్పుకుని ఆ పని ప్రైవేటు వాళ్ళకు వదలాలని సూచించింది. 1884 చట్టంతో, కోస్తా, సీమ జిల్లాలు కలిసి ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. సర్కారు వెనకడుగు వేసిన చోటును బోర్డులు కొంత పూరించాయి. అందుకే పాతతరం వాళ్ళు ఇప్పటికీ "నేను బోర్డు హైస్కూల్లో చదివాను" అంటారు. ఆ మాటలో కాస్త గర్వం కూడా వినిపిస్తుంది, ఉండాల్సిందే మరి.

అప్పటి లెక్క తరగతులది కాదు, ఫారాలది. ఇప్పటి ఆరో తరగతి ఫస్టు ఫారం. సిక్స్త్ ఫారం అంటే పదకొండో ఏడు, స్కూలు ఫైనల్. దాని చివర ఎస్సెల్సీ, అంటే హైస్కూలు చదువు ముగించినట్టు ఇచ్చే సర్టిఫికెట్టు. మార్కులన్నీ ఎక్కించిన ఎస్సెల్సీ పుస్తకం చేతికొస్తే గుమాస్తా ఉద్యోగానికో, టీచరు ట్రైనింగుకో తలుపు తెరుచుకున్నట్టే. ఫీజు ఉండేది. లేనివాళ్ళకు అరఫీజు రాయితీ ఉండేది, దానికోసం హెడ్మాస్టరు గది ముందు తండ్రులు నిలబడేవారు. తొలిరోజుల్లో లెక్కలూ చరిత్రా కూడా ఇంగ్లీషులోనే చెప్పేవారు. 1930ల తర్వాతే పై ఫారాల్లో తెలుగు మాధ్యమం నిలదొక్కుకుంది.

ఇక ఊరికి హైస్కూలు ఎలా వచ్చిందో చూద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పైనుంచి ఎవరో మంజూరు చేసి పంపితే వచ్చింది కాదది. ముందు ఊళ్ళో నలుగురు పెద్దలు కమిటీగా కూడాలి. స్థలం చూపించాలి, కొంత సొమ్ము జమకట్టాలి. ఒకాయన నాలుగెకరాలు రాసిస్తాడు, ఇంకొకాయన తల్లి పేరిట గది కట్టిస్తాడు. పంటల మీద బస్తాకు ఇంత అని వసూలు చేసిన ఊళ్ళున్నాయి. భవనం లేచేదాకా తరగతులు సత్రంలోనో, గుడి మండపంలోనో, ఖాళీగా ఉన్న మిల్లు గోడౌనులోనో జరిగేవి. అప్పటికే ఉన్న మిడిల్ స్కూలుకు ఏడాదికో ఫారం చొప్పున పైకి చేర్చుకుంటూ పోయేవారు. మొదటి బ్యాచి పబ్లిక్ పరీక్షకు కూర్చునేసరికి మూడేళ్ళు పట్టేది.

పక్క ఊరితో పోటీ సంగతి వేరే చెప్పాలా? హైస్కూలు మాకు కావాలంటే మాకని రెండూళ్ళూ మద్రాసు దాకా, తర్వాత హైదరాబాదు దాకా తిరిగేవి. ఒక్కోసారి తగవు తెగక రెండూళ్ళ పొలిమేరలో కట్టేవారు. చుట్టూ పొలాలే ఉండి, ఏ ఊరికీ చెందనట్టు ఒంటరిగా కనిపించే హైస్కూలు మీ దగ్గర్లో ఉంటే దాని వెనక ఇలాంటి కథేదో ఉండి ఉంటుంది, కనుక్కోండి. ఎన్ని కమిటీల సిఫార్సులకన్నా ఈ పంతాలే మన పల్లెల్లో చదువుకు ఎక్కువ మేలు చేశాయని నా అభిప్రాయం.

తెలంగాణలో దారి వేరు. నిజాం ఏలుబడిలో హైస్కూలు చదువు ఉర్దూలో సాగేది. పల్లెల్లో హైస్కూళ్ళు చాలా తక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూగా ఒక తరం పెరిగింది. తెలుగు చదువు కోసం 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు పరీక్షలు పెట్టాల్సి వచ్చిందంటే బడిలో ఆ భాషకు ఎంత చోటుందో ఊహించుకోవచ్చు. నిజాం ఏలుబడి ముగిసిన 1948 తర్వాతే అక్కడ తెలుగు మాధ్యమపు హైస్కూళ్ళు ఊపందుకున్నాయి.

రెండు దారులూ ఒక బోర్డు కిందికి వచ్చింది 1959లో. ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. ఆ అక్టోబరు 11న షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ప్రాథమిక పాఠశాలలు కొన్ని ఊళ్ళకు కలిపి ఏర్పడిన సమితులకు, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తులకు వెళ్ళాయి. గేటు మీద జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్ అయింది. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. హైస్కూలు మాత్రం జిల్లా పరిషత్‌నే అంటిపెట్టుకుంది. 1969 తర్వాత రెండేళ్ళ ఇంటర్మీడియట్ విడిగా రావడంతో హైస్కూలు పదో తరగతితో ఆగింది. పదో తరగతి అనగానే ఇంటిల్లిపాదికీ ఇంత హడావిడి ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. ఎస్సెల్సీ భయమంతా దానికి వారసత్వంగా వచ్చింది.

ఇంతవరకూ చెప్పిందంతా చట్టాల్లో, నివేదికల్లో దొరుకుతుంది. అసలు చరిత్ర హెడ్మాస్టరు గదిలో ఇనప బీరువాలో ఉంది. దాని పేరు అడ్మిషన్ రిజిస్టరు. క్రమసంఖ్య, విద్యార్థి పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి, కులం, పుట్టిన తేదీ, చేరిన తరగతి, విడిచిన తేదీ, విడిచిన కారణం. వరసగా గీతలు గీసి, సిరాతో రాసి ఉంటాయి. మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ పోతే ఊరి సమాజం మారిన తీరు కళ్ళకు కడుతుంది. సంరక్షకుడి వృత్తి గడిలో మొదట్లో కరణం, భూస్వామి, వర్తకుడు. తర్వాత్తర్వాత సేద్యం. ఆపైన కూలి, నేత, చేపల వేట. చాలా ఊళ్ళలో మొదటి పుటల్లో ఆడపిల్ల పేరు వెతుక్కోవాలి. కనిపించినా విడిచిన కారణం దగ్గర వివాహం అని ఉండొచ్చు. ఏ ఏడాది నుంచి ఆడపిల్లల పేర్లు వరసగా కనిపిస్తాయో, ఏ ఏడాది నుంచి దళితవాడ పిల్లల పేర్లు కనిపిస్తాయో చూడండి. మీ ఊరికి చదువు నిజంగా వచ్చింది ఆ ఏడాది, శిలాఫలకం మీద ఉన్న ఏడాది కాదు.

పుట్టిన తేదీల గడి మరీ తమాషా. పాత పేజీల్లో చాలామంది జూలై 1నే పుట్టారు! తల్లిదండ్రులకు తేదీ గుర్తుండదు. "పెద్ద గాలివాన వచ్చిన ఏడండీ" అంటే పంతులుగారు లెక్కగట్టి, వయసు సరిపోయేట్టు ఒక తేదీ వేసేసేవారు. ఆ తేదీ మీదే ఉద్యోగాలొచ్చాయి, ఆ తేదీ మీదే రిటైరయ్యారు.

దాని పక్కనే లాగ్ బుక్కు ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారులు అందులో రాసిన మాటలు చదవండి. పైకప్పు కారుతోందని, సైన్సు మాస్టారు లేరని, పిల్లల చేతిరాత బాగుందని రాసి ఉంటాయి. పైకప్పు సంగతి ఎన్నేళ్ళు వరసగా రాశారో లెక్కపెడితే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

ఈమధ్య కాలం మనందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. కాస్త స్తోమత ఉన్నవాళ్ళ పిల్లలు ప్రైవేటు బస్సెక్కారు. 2008లో సక్సెస్ స్కూళ్ళ పేరుతో వేలాది హైస్కూళ్ళలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం తెరిచారు. మధ్యాహ్న భోజనం హైస్కూలు దాకా వచ్చింది. ఆంధ్రలో నాడు–నేడు, తెలంగాణలో మన ఊరు–మన బడి పేర్లతో గదులకు, మరుగుదొడ్లకు, నీళ్ళకు డబ్బు పెట్టారు. గోడలకు రంగులు పడ్డాయి, మంచిదే. కానీ కొన్నిచోట్ల ఆ మరమ్మతుల్లో పాత దాతల పేర్లున్న రాతిపలకలు కూడా సున్నం కింద, టైల్సు వెనక పోయాయి. పాత గది కూల్చేటప్పుడు పలక తీసి కొత్త గోడలో పెట్టడానికి ఖర్చేమీ ఎక్కువ కాదు.

అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు, దాన్ని పారేయకూడదు. యాభై ఏళ్ళ కిందట చదివినవాళ్ళు కూడా పాస్‌పోర్టుకో, పింఛనుకో స్టడీ సర్టిఫికెట్ కావాలని వస్తే ఆ పుటే తెరుస్తారు. అయితే కాగితం పెళుసెక్కుతోంది, అంచులు విరుగుతున్నాయి, వాన తడిసిన బీరువాల్లో చెదలు చేరుతున్నాయి. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు ఇప్పుడు ఊరూరా జరుగుతున్నాయి. శాలువాలు, జ్ఞాపికలు, భోజనాలు అన్నీ ఉంటున్నాయి. ఆ ఖర్చులోంచి కొంత తీసి, హెడ్మాస్టరుగారి అనుమతితో, వారి సమక్షంలో మొదటి నాలుగైదు రిజిస్టర్లనూ లాగ్ బుక్కులనూ స్కాన్ చేయించి, ఒక ప్రతి బడికే ఇవ్వండి. ఒరిజినల్ మాత్రం బీరువా దాటి బయటికి పోకూడదు.

నమస్కారం.