లేబుల్ పక్కన ఆర్కెస్ట్రా

శ్రోతలకు నమస్కారం. ఆర్కెస్ట్రా సంగీతాన్ని రికార్డు మీద వినడానికి ఎలాంటి ముల్లు కావాలో ఈరోజు చెప్పుకుందాం.

ఫ్రెంచ్ సంగీతకర్త రావెల్ 1928లో రాసిన ‘బొలేరో’ విన్నారా? చిన్న డ్రమ్ము మీద, వినీ వినపడనట్టు మొదలవుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకటే దరువు. ఒక్కో వాద్యం వచ్చి చేరుతూ పావుగంటకు ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడుతుంది. ఎల్‌పీ, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డు మీద ఆ ఘట్టం సాధారణంగా వచ్చేది లోపల, మధ్యలో అతికించిన లేబుల్ దగ్గర్లో. ముల్లుకు అంతకంటే కష్టమైన చోటు లేదు.

ఎందుకంటే, బయటి అంచు దగ్గర ముల్లు కింద ధ్వని చెక్కిన గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లే. అంత ధ్వనీ సగంకన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి. గుండ్రటి మొన ఆ సన్నటి మెలికల్లోకి సరిగా దూరలేదు. ట్రంపెట్లు చీలినట్టు, వయొలిన్లు గరగరమన్నట్టు వినిపిస్తాయి. నేను చాన్నాళ్లు రికార్డే పాడైందనుకున్నాను. ముల్లు బిగించి ఉండే చిన్న భాగం, కార్ట్రిడ్జ్, మార్చాక అదే రికార్డు, అదే చివరి నిమిషం, వాద్యాలన్నీ విడివిడిగా వినపడ్డాయి. కళ్లు చెమర్చాయి.

అందుకే కార్ట్రిడ్జ్ లోపల కదిలేది అయస్కాంతమా (మూవింగ్ మాగ్నెట్), తీగచుట్టా (మూవింగ్ కాయిల్) అన్న చర్చ తర్వాత పెట్టుకోండి. ముందు మొన ఆకారం అడగండి. ఆర్కెస్ట్రాకు కనీసం ఎలిప్టికల్, అంటే కోలగా ఉండే మొన ఉండాలి. చేతిలో డబ్బు ఆడితే లైన్ కాంటాక్ట్ గానీ షిబాటా గానీ అనే రకం మొన తీసుకోండి. ఇవి గాడి గోడను నిలువునా ఎక్కువ మేర తాకుతాయి. జపాన్ రేడియో కోసం 1960ల్లో పుట్టిన డెనాన్ డీఎల్-103 అనే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ మొన గుండ్రటిదే. దాని మీద గొంతు పాట వింటే ప్రాణం లేచొస్తుంది. కానీ పెద్ద సింఫనీ చివరి ఘట్టానికి నేను దాన్ని ఎంచుకోను. పైగా అలాంటి మూవింగ్ కాయిల్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది. ఆ సిగ్నల్‌ను పెంచే ప్రీఆంప్ మంచిది కాకపోతే ఆర్కెస్ట్రా మెల్లగా వాయించే చోట బుస్సుమనే శబ్దం పైకొస్తుంది.

ఇంకొక్క మాట. రికార్డు అరిగిపోతుందన్న భయంతో ముల్లు రికార్డు మీద మోపే బరువు తగ్గించకండి. కంపెనీ 2 గ్రాములు అంటే 2 గ్రాములే పెట్టండి. తేలికైన ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని ఇంకా దెబ్బతీస్తుంది.

బిగించాక బొలేరో చివరి రెండు నిమిషాలు పెట్టుకుని వినండి. అంత హోరులోనూ ఆ డ్రమ్ము దరువు విడిగా చెవికి తగులుతుంటే, ముల్లు గాడిలో సరిగ్గా కూర్చున్నట్టే.