తండ్రి బైబిలు, కొడుకు నవల

వేదిక మీది పెద్దలకు, కుంచె పట్టిన, పట్టబోతున్న మిత్రులందరికీ నమస్కారం.

మనసుకు దగ్గరైన వస్తువులను బల్ల మీద అమర్చుకుని నూనె రంగుల్లో చిత్రించడం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. సూత్రాలు చెప్పడం మొదలుపెడితే వాటికి అంతుండదు. అందుకే మిమ్మల్ని ఒక చిత్రం ముందు కాసేపు నిలబెట్టాలనుకుంటున్నాను. 1885 అక్టోబరులో విన్సెంట్ వాన్ గో నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ అనే ఊళ్లో వేసిన స్టిల్ లైఫ్, అంటే అమర్చిన వస్తువుల చిత్రం, అది. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. కాన్వాసు వెడల్పు 78 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, ఎత్తు 66కు కాస్త తక్కువ.

తెర మీద చూడండి. వెనుక నలుపు. బల్ల నిండా పరుచుకున్నట్టు తెరిచి ఉన్న బరువైన బైబిలు. తోలు అట్ట, ఇత్తడి బిగింపులు. దాని పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ముందు వైపు, బల్ల అంచు దగ్గర, అంచులు నలిగిన పసుపు కాగితపు అట్ట పుస్తకం. అంతే, ఇంకేమీ లేవు.

బైబిలు విన్సెంట్ తండ్రిది. ఆయన డచ్ సంస్కరణ చర్చిలో పాస్టరు. 1885 మార్చి 26న ఉన్నట్టుండి కన్నుమూశారు. తండ్రీకొడుకులకు పొసగని సంగతులు చాలా ఉండేవి. 1881 క్రిస్మస్ రోజున జరిగిన గొడవతో కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఆ గొడవకు కొద్ది వారాల ముందే తమ్ముడు థియోకు ఉత్తరం రాస్తూ, తన చేతిలో ఫ్రెంచి పుస్తకం కనిపిస్తే చాలు, నాన్నకు హంతకులు గుర్తొస్తారన్న అర్థంలో వాపోయాడు. ఇప్పుడు పసుపు అట్ట పుస్తకం మీది అక్షరాలు చదవండి: ఎమిల్ జోలా, 'లా జ్వా ద వీవ్ర్', అంటే 'జీవించడంలోని ఆనందం'. 1884లో వచ్చిన ఫ్రెంచి నవల. తండ్రి ఉండగా ఆ ఇంట్లో ఈ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద ఇలా పక్కపక్కన ప్రశాంతంగా ఉండగలిగేవా?

ఈ చిత్రం గురించి విన్సెంట్ థియోకు రాసిన ఉత్తరమే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు ఎదువార్ మానే వేసిన ఒక చిత్రాన్ని వర్ణిస్తూ థియో రాసిన ఉత్తరానికి అది జవాబు. అందులో ఏముందంటే, తెరిచిన బైబిలు, కనుక పూర్తిగా స్వచ్ఛం కాని తెలుపు, వెనుక నలుపు, ముందు పసుపు కలిసిన గోధుమ వర్ణం, అదనంగా ఒక నిమ్మపసుపు స్వరం, ఒక్క ఊపులో, ఒకే రోజులో వేశాను. ఆ వర్ణనలో నాన్న లేడు, దుఃఖం లేదు, కొవ్వొత్తి కూడా లేదు. చదివే తమ్ముడికి అది ఎవరి బైబిలో చెప్పాలా! చిత్రకారుడిగా విన్సెంట్ చెప్పవలసింది రంగుల గురించే, అదే చెప్పాడు.

ఒకే రోజులో అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. నూనె రంగు ఒక్క రోజులో ఆరదు. అంటే తడి రంగు మీద తడి రంగు వేస్తూ పోయాడన్నమాట. నలుపు పక్కన తెలుపు పెట్టేటప్పుడు చేయి తడబడితే ఆ నలుపు లేచి తెలుపును మురికి చేస్తుంది. ఆ పేజీలను దగ్గరగా చూడండి. స్వచ్ఛమైన తెలుపు దాదాపు ఎక్కడా లేదు. బూడిద, నీలి, లేత మట్టి ఛాయలు పొట్టి పొట్టి గీతలుగా పడి ఉన్నాయి. కాస్త వెనక్కి వస్తే అవే అచ్చు వరుసలవుతాయి. చదవగలిగింది పైనున్న శీర్షిక మాత్రమే: బైబిలులోని యెషయా గ్రంథం, 53వ అధ్యాయం.

అదే అధ్యాయాన్ని ఎందుకు తెరిచి ఉంచాడు? మనుషులు తృణీకరించి విసర్జించినవాడి గురించి చెప్పే అధ్యాయమది. తెలుగు బైబిలు ఆయనను వ్యసనాక్రాంతుడు, అంటే దుఃఖంలో మునిగినవాడు, అంటుంది. ఇక నవలలో పోలీన్ అనే అనాథ పిల్ల ఉంది. సముద్రపు ఒడ్డున ఒక ఊళ్లో బంధువుల పంచన పెరుగుతుంది. ఆమె ఆస్తి కొంచెం కొంచెంగా వాళ్ల చేతుల్లో కరిగిపోతుంది. అయినా వాళ్లకు సేవ చేయడం మానదు. పాత మతం మీద కొత్త సాహిత్యం గెలిచిందని ఈ చిత్రానికి అర్థం చెప్పేవారున్నారు. నేను ఒప్పుకోను. రెండు పుస్తకాలూ ఇతరుల బరువు మోసే మనిషి కథే చెబుతున్నాయి. విన్సెంట్ కూడా ఒకప్పుడు బెల్జియం బొగ్గు గనుల ప్రాంతంలో మత ప్రచారకుడిగా పనిచేసినవాడే. ఆ అధ్యాయాన్ని ఊరికే తెరిచి ఉంచాడంటే నమ్మలేను. నాన్న ఎన్నడూ మెచ్చని పుస్తకాన్ని నాన్న పుస్తకం ముందు పెట్టి, చూడు, ఇందులోనూ అదే ఉంది అన్నట్టు నాకు అనిపిస్తుంది.

ఒక చిన్న పని చేయండి. బొటనవేలు అడ్డం పెట్టి, మీ కంటికి ఆ పసుపు పుస్తకం కనబడకుండా చేయండి. మిగిలింది ఘనంగానే ఉంది, కానీ మూగబోయింది. వేలు తీయండి. ఆ చిన్న పసుపు మచ్చ వల్లే నలుపుకు లోతు వచ్చింది, పేజీలకు వెలుగు వచ్చింది.

తండ్రి పోయిన కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, విన్సెంట్ పూల జాడీతో మరో స్టిల్ లైఫ్ వేశాడు. ముందు వైపున నాన్న పొగాకు సంచీ, పైపు ఉన్నాయని థియోకు రాశాడు. ఆ ఉత్తరంలోని చిన్న స్కెచ్ మనకు మిగిలింది. అది నివాళి. పోయినవారి వస్తువు, పక్కన పూలు. మనమూ సహజంగా అలాగే చేస్తాం. అక్టోబరుకు వచ్చేసరికి పూలు పోయి, వాటి చోట తన సొంత పుస్తకం వచ్చింది. తండ్రి వస్తువు ముందుకు తన వస్తువుతో వచ్చి నిలబడ్డాడు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఈ అడుగు గురించే.

1889 జనవరిలో, ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో చెవి గాయంతో ఆసుపత్రి పాలై ఇంటికి వచ్చాక వేసిన చిత్రం ఒకటి నెదర్లాండ్స్‌లోని ఒట్టర్లో ఊళ్లో, క్రోలర్ ముల్లర్ మ్యూజియంలో ఉంది. డ్రాయింగ్ బోర్డు, ఉల్లిపాయలు, పైపు, పొగాకు, లక్క, వెలుగుతున్న కొవ్వొత్తి, రాస్పాయ్ రాసిన ఆరోగ్య పుస్తకం. రాస్పాయ్ కర్పూర వైద్యాన్ని బలంగా ప్రచారం చేసినవాడు. నిద్ర పట్టక తలగడలో, పరుపులో కర్పూరం పెట్టుకుంటున్నానని విన్సెంట్ ఆ రోజుల్లోనే రాశాడు. ఇక్కడ కూడా సొంత సామాను మధ్య వేరొకరిది ఒకటుంది: థియో దగ్గర నుంచి వచ్చిన ఉత్తరం.

మధ్యాహ్నం మీరంతా బల్ల సర్దుతారు కదా. అమ్మమ్మ ఆకువక్కల పెట్టె తెచ్చినవారు ఉన్నారు, నాన్న కళ్లజోడు తెచ్చినవారు ఉన్నారు. అవి ఎవరివో చూసేవాడికి తెలియదు, చిత్రం కింద చీటీ రాసి అంటించలేం. కనుక వాటి పక్కన మీది ఒకటి పెట్టండి. ఆ పెద్దలు చూసి ముఖం చిట్లించే వస్తువైనా సరే. రెండింటిలో దేని మీద వెలుగు పడాలో, ఏది అంచుకు దగ్గరగా ఉండాలో, వాటి మధ్య ఎంత ఖాళీ ఉండాలో తేలేదాకా రంగు ట్యూబు మూత తీయవద్దు. తేలాక మాత్రం ఆగవద్దు, తడి మీదే వేసుకుంటూ వెళ్లండి. నేను అక్కడే తిరుగుతూ ఉంటాను, సందేహం వస్తే పిలవండి.